బడి నర్సు గది

పాఠశాలలోని గదులన్నిటికీ ఒక సామాన్య లక్షణం ఉన్నది. వాటిలో అడుగుపెట్టిన పిల్లవాడు ఏదో ఒక కొలతకు లోబడుతాడు. తరగతి గదిలో అతని జ్ఞాపకశక్తిని కొలుస్తారు. ఆటస్థలంలో కాలి వేగాన్నీ, ప్రధానోపాధ్యాయుని గదిలో నడవడినీ కొలుస్తారు. భోజనశాలలో ఎవరి పక్కన ఎవరు కూర్చున్నారన్న కొలతను తోటిపిల్లలే వేస్తారు. నర్సు గది ఒక్కటే ఇందుకు మినహాయింపు. ఒక మంచం, ఒక బల్ల, తాళం వేసిన చిన్న బీరువా, ఒక లెక్కపుస్తకం ఉంటే ఆ గది పూర్తి అయినట్టే. అక్కడ కూడా ఎత్తూ బరువూ కొలవకపోరు గాని, ఎత్తు తక్కువైనందుకు ఎవరినీ నిందించరు.

ఆ గదికి వచ్చే పిల్లలలో చాలామంది కడుపునొప్పితో వస్తారు. లెక్కల పరీక్ష ఉన్న రోజున వారి సంఖ్య పెరుగుతుంది. అనుభవం గల నర్సు ఆ నొప్పిని అబద్ధమని కొట్టివేయదు. నొప్పి నిజమే, దాని పేరు మాత్రం కడుపునొప్పి కాకపోవచ్చు. తండ్రికి ఉద్యోగం పోయి ఉండవచ్చు, రాత్రి తల్లి ఏడ్చి ఉండవచ్చు, దారిలో ఎవరో వెక్కిరించి ఉండవచ్చు. పది నిమిషాలు పడుకోనిచ్చి, పొద్దున ఏమి తిన్నావని అడిగితే, పదకొండో నిమిషంలో అసలు మాట బయటికి వస్తుంది. బడి నర్సు విద్యలో సగభాగం ఈ పదకొండో నిమిషం కోసం ఓపికతో కనిపెట్టుకొని ఉండడమే.

అమెరికాలో ఈ ఉద్యోగం 1902వ సంవత్సరంలో న్యూయార్కు నగరంలో మొదలైంది. వలస వచ్చిన కుటుంబాలు ఇరుకు ఇళ్లలో కిక్కిరిసి బ్రతుకుతున్న రోజులవి. కంటి జబ్బులు, తామర, గజ్జి, తలలో పేలు ఉన్న పిల్లలను వైద్య పరిశీలకులు గుర్తించి ఇంటికి పంపివేసేవారు. పంపివేయడంతో వారి పని ముగిసేది. ఇంటి వద్ద ఆ పిల్లలకు చికిత్స చేసే దిక్కు లేదు. చీటీలో రాసినదానిని చదివి అర్థం చేసుకోగల తల్లిదండ్రులూ తక్కువే. బడికి దూరమైన పిల్లలు వారాల తరబడి వీధులలోనే ఉండిపోయేవారు. అప్పుడు హెన్రీ స్ట్రీట్‌లో సేవాసదనం నడుపుతున్న లిలియన్ వాల్డ్ అనే మహిళ, ఒక నర్సును నెల రోజుల పాటు ప్రయోగంగా పంపుతానని అధికారులను ఒప్పించింది. కెనడాలో పుట్టిన లీనా రోజర్స్ అనే నర్సు ఆ అక్టోబరులో నాలుగు పాఠశాలల బాధ్యత వహించింది. పుండు కడిగి, కట్టు కట్టి, పిల్లను తిరిగి తరగతికి పంపేది. తరువాత ఇళ్లకు వెళ్లి తల్లులకు ఆ పని నేర్పేది. ప్రయోగం ఫలించింది, నగరం మరికొందరు నర్సులను నియమించింది. ఒక్క ఏడాదిలో, జబ్బుల కారణంగా బడి నుంచి పంపివేసే పిల్లల సంఖ్య నూటికి దాదాపు తొంభై వంతులు తగ్గింది.

పరిశీలకుడూ నర్సూ చూసినది ఒకే పుండును. పుండును చూసిన తరువాత పిల్ల ఎటు వెళ్లిందన్నదే వారిద్దరికీ భేదం. పరిశీలకుని చేతిలో ఆ పిల్ల వీధికి వెళ్లింది. నర్సు చేతిలో తరగతికి వెళ్లింది. వంద సంవత్సరాల తరువాత ఇదే భేదం మరొక రూపంలో పాఠశాలల ముందుకు వచ్చింది. ఈసారి వచ్చినది పుండు కాదు, మందుబిళ్ల.

నల్లమందు భారతీయులకు కొత్తది కాదు. మధ్యప్రదేశ్‌లో, రాజస్థాన్‌లో, ఉత్తరప్రదేశ్‌లో ప్రభుత్వ అనుమతితో రైతులు గసగసాల పైరు వేస్తారు. పచ్చికాయకు గాటు పెడితే కారే పాలు గట్టిపడి నల్లమందు అవుతుంది. ఘాజీపూర్‌లోనూ నీమచ్‌లోనూ ఉన్న ప్రభుత్వ కర్మాగారాలకు ఆ సరుకు చేరుతుంది. దాని నుంచి తీసిన మార్ఫిన్ లేనిదే కాన్సరు రోగి చివరి రోజులు నరకప్రాయమవుతాయి. ఈ మందు దొరకక బాధపడుతున్న రోగుల కోసమే 1985 నాటి మాదకద్రవ్యాల చట్టాన్ని భారత పార్లమెంటు 2014లో సవరించి, నియమాలను కొంత సడలించింది. కాబట్టి ఈ జాతి మందులను విషమని ఒక్క మాటలో తీసివేయడం అన్యాయం. అవి నొప్పిని అణచుతాయి. మనస్సుకు ఒక తాత్కాలికమైన నిశ్చింతను ఇస్తాయి. కొద్దికాలానికే శరీరాన్ని తమకు అలవాటు చేసుకుంటాయి. మోతాదు మించితే శ్వాసను మందగింపజేసి, చివరకు ఆపివేస్తాయి. ఈ నాలుగు పనులూ ఒకే బిళ్ల చేస్తుంది. మొదటి పని కోసం పుచ్చుకున్నవాడికి మిగిలిన మూడూ వెంటనే కనబడవు.

1996లో అమెరికాలో ఆక్సీకాంటిన్ అనే నొప్పిమందు అంగడికి వచ్చింది. నెమ్మదిగా ఒంటబట్టే బిళ్ల గనుక దీనికి అలవాటుపడే ప్రమాదం తక్కువని వైద్యులకు చెప్పి అమ్మారు. అది తప్పుడు ప్రచారమని 2007లో పర్డ్యూ ఫ్రెడరిక్ కంపెనీ న్యాయస్థానంలో నేరం అంగీకరించింది. చెల్లించవలసిన మొత్తం అరవై కోట్ల డాలర్లకు చేరింది. ఈ పదకొండు సంవత్సరాలలో నొప్పిమందుల సీసాలు దేశమంతటా ఇళ్లలోని అలమరలలోకి చేరిపోయినవి. జ్ఞానదంతం తీయించుకున్న బాలికకూ, బంతాటలో మోకాలు విరిగిన బాలునికీ వైద్యులు అవే మందులు రాశారు. నాలుగు బిళ్లలతో తీరే నొప్పికి ముప్పై బిళ్లల సీసా వస్తే, మిగిలినవి అలమరలోనే ఉండిపోతాయి.

మిషిగన్ విశ్వవిద్యాలయం వారు 1975 నుంచి ఏటా అక్కడి విద్యార్థుల మాదకద్రవ్యాల అలవాట్లను సర్వే చేస్తున్నారు. 2004లో పన్నెండో తరగతి విద్యార్థులలో నూటికి 9.5 మంది, హెరాయిన్ మినహా ఇతర నల్లమందు జాతి మందులను వైద్యుని సలహా లేకుండా గడిచిన ఏడాదిలో వాడామని చెప్పారు. వాటిని వారికి అందించినది చీకటిసందులోని అపరిచితుడే అనుకోనక్కర లేదు. చాలా సందర్భాలలో స్నేహితులో, బంధువులో, సొంత ఇంటి అలమరో ఆ పని చేసింది. అమ్మమ్మ తుంటి ఎముక విరిగినప్పుడు తెచ్చిన సీసా అది. దాని మీద వైద్యుని పేరూ మందులషాపు ముద్రా ఉన్నవి. పెద్దలు నమ్మి మింగినదానిని పిల్లవాడూ నమ్మాడు. ఈ విషయంలో అతని తర్కానికి ఒక బలం ఉన్నది. అందుకే ఉపన్యాసాలతో దానిని ఖండించడం కష్టమైంది.

బడి నర్సు ఈ సీసాలను మరొక వైపు నుంచి ఎరుగును. పగటిపూట మందు వేసుకోవలసిన విద్యార్థి ఉంటే తల్లిదండ్రులు దానిని సీసాతో సహా ఆమెకు అప్పగించడం అమెరికా పాఠశాలలలో సాధారణ నియమం. అదుపులో ఉంచవలసిన మందు అయితే వారి ఎదుటనే బిళ్లలు లెక్కపెట్టి, సంఖ్య రాసి, ఉభయులూ సంతకాలు చేస్తారు. బీరువాకు తాళం వేస్తారు. ఇచ్చిన ప్రతి బిళ్లకూ రోజు, గంట, పరిమాణం లెక్కలోకి ఎక్కుతాయి. ఈ లెక్కలో ఒక బిళ్ల తేడా వస్తే ఆ రాత్రి ఆమెకు నిద్ర పట్టదు. అయితే, తన బీరువాలో ఉన్న బిళ్లలన్నిటికీ లెక్క చెప్పగలిగిన నర్సు, పిల్లల సంచులలో ఉన్నవాటికి లెక్క చెప్పలేదు. బీరువా ఆమె అధీనంలో ఉన్నది. సంచి పిల్లవాని అధీనంలో ఉన్నది. ఆ సంచిలో ఏమున్నదో ఆమెకు తెలియాలంటే పిల్లవాడు చెప్పాలి.

కొన్ని గురుతులు చెప్పకుండానే కనబడతాయి. పట్టపగటి వెలుతురుకు మించి సూదిమొనలా కుంచించుకుపోయిన కంటిపాప, అకాలంలో తూగు, మాటలో తడబాటు, కారణం లేని దురద, వాంతి, వరుసగా వారాల తరబడి ఏదో ఒక సాకుతో మంచం కోరడం—వీటిని ఉపాధ్యాయుడు సోమరితనంగా పొరబడవచ్చు గాని నర్సు పొరబడదు. అక్కడే ఆమెకు సంకటం మొదలవుతుంది. ఆమె పాఠశాల ఉద్యోగి, పాఠశాలకు నియమాలున్నవి, నియమం ఉల్లంఘించిన విద్యార్థిని బహిష్కరించే అధికారం ఉన్నది. ఆమె వైద్యసేవకురాలు కూడా. రోగి విశ్వసించి చెప్పిన మాటను కాపాడవలసిన ధర్మం ఆమెకు ఉన్నది. తల్లిదండ్రులకు చెప్పకుండా ఉండడానికి వీలులేని సమయాలు ఉంటాయి. తల్లిదండ్రులకు చెప్పడం వేరు, శిక్షించే బల్ల ముందుకు పంపడం వేరు. చాలా పాఠశాలలు ఈ రెండింటినీ ఒకటిగా కలిపివేశాయి. 1990లలో అమెరికా పాఠశాలలలో వ్యాపించిన 'ఉపేక్ష లేని' శిక్షావిధానం, తలనొప్పి బిళ్లకూ మత్తు బిళ్లకూ భేదం చూడని స్థితి వరకు కొన్నిచోట్ల పోయింది.

ఆ విధానం నర్సు గదిని ఏమి చేయగలదో అరిజోనా రాష్ట్రంలో శాఫర్డ్ అనే చిన్న ఊరి వ్యాజ్యం చూపింది. 2003 అక్టోబరులో అక్కడి మాధ్యమిక పాఠశాలలో పదమూడేండ్ల బాలిక ఒకతె నొప్పిబిళ్లలు పంచుతున్నదని మరొక విద్యార్థిని చెప్పింది. అధికారులు వెదకినవి నల్లమందు జాతి మందులు కూడా కావు. వైద్యుని చీటీపై ఇచ్చే మోతాదులోని ఐబుప్రొఫెన్ బిళ్లలూ, చీటీ లేకుండానే దొరికే మరొక నొప్పిమందూ. ఆ బాలికపై అంతకు పూర్వం ఏ ఫిర్యాదూ లేదు. ముందు ఆమె సంచి వెదికారు, ఏమీ దొరకలేదు. తరువాత నర్సు గదికి తీసుకుపోయి, నర్సూ మరొక ఉద్యోగినీ కలిసి, ఒంటి మీది బట్టలు తీయించి సోదా చేశారు. అప్పుడూ ఏమీ దొరకలేదు. ఆ తల్లి వేసిన వ్యాజ్యం అమెరికా సర్వోన్నత న్యాయస్థానం వరకు వెళ్లింది. 2009 జూన్‌లో తొమ్మిదిమంది న్యాయమూర్తులలో ఎనిమిదిమంది ఆ సోదా రాజ్యాంగ విరుద్ధమని తేల్చారు. అప్పటికి చట్టం స్పష్టంగా లేదన్న కారణంతో ఆ ఉద్యోగులకు వ్యక్తిగత బాధ్యత మాత్రం తప్పించారు.

తీర్పులో చర్చ అంతా రాజ్యాంగం గురించి, అనుమానానికి తగిన ఆధారం గురించి జరిగింది. అది న్యాయస్థానానికి తగిన చర్చ. అయితే న్యాయస్థానం తూచలేనిది మరొకటి ఉన్నది. ఆ సోదా జరిగిన చోటు నర్సు గది. మరునాడు కడుపునొప్పితో వచ్చే పిల్ల ఆ మంచాన్ని ఏ కన్నుతో చూస్తుంది? ఇంటి అలమరలో బిళ్లలు తీసుకొని, మానలేక భయపడుతున్న పిల్ల ఎవరైనా ఆ ఊళ్లో ఉంటే, ఆమె పదకొండో నిమిషంలో నోరు విప్పుతుందా? నర్సును ఒక్కసారి సోదాకు వినియోగించినందువల్ల దొరికే బిళ్లల కంటే, ఆ తరువాత ఎన్నడూ బయటపడక మిగిలిపోయే బిళ్లలే ఎక్కువ. ఆ గదిలో నర్సు పెట్టుబడి అంతా పిల్లల నమ్మకమే. అది ఖర్చయిపోతే మిగిలేవి మంచమూ బల్లా మాత్రమే.

తరువాతి సంవత్సరాలలో ఈ నమ్మకం విలువ మరింత పెరిగింది. దానికి కారణం వింతగా ఉంటుంది. వైద్యులు రాయడం తగ్గించారు. అలమరలు కొంత ఖాళీ అయినవి. మిషిగన్ సర్వేలో 2004 నాటి 9.5 అంకె 2023 నాటికి ఒకటి దగ్గరకు దిగింది. వాడేవారు తగ్గితే మరణాలూ తగ్గాలి. తగ్గలేదు. పద్నాలుగు మొదలు పద్దెనిమిదేండ్ల లోపు వారిలో మోతాదు మించి మరణించినవారు 2019లో 492 మంది కాగా, 2020లో 954 మంది. అలమర బిళ్ల స్థానంలోకి దొంగబిళ్ల వచ్చింది. అదే ఆకారం, అదే రంగు, అదే ముద్ర, లోపల ఫెంటనిల్. ఇది మార్ఫిన్ కంటే యాభై నుంచి నూరు రెట్లు బలమైన మందు. రెండు మిల్లీగ్రాములు, అంటే ఉప్పురవ్వలు కొన్ని, ప్రాణం తీయగలవు. పిల్లవాడు మింగినది తనకు తెలిసిన బిళ్ల అనుకొంటాడు. ఆ పొరపాటును దిద్దుకునే అవకాశం అతనికి రాదు.

విరుగుడు ఉన్నది. నలాక్సోన్ అనే ఆ మందు, మెదడులో నల్లమందు జాతి పదార్థం కూర్చున్న స్థానం నుంచి దానిని తోసివేసి, ఆగిన శ్వాసను తిరిగి నడిపిస్తుంది. 1971 నుంచి అమెరికా ఆసుపత్రులలో వాడుకలో ఉన్నది. ముక్కులో చల్లే రూపంలో 2015 నవంబరులో అనుమతి పొందింది. 2023 మార్చిలో చీటీ లేకుండా కొనుక్కోవడానికీ అనుమతి వచ్చింది. అమెరికా బడి నర్సుల జాతీయ సంఘం 2015లోనే, ప్రతి పాఠశాల అత్యవసర ఏర్పాట్లలో ఈ మందు ఉండాలని అభిప్రాయపడింది. లాస్ ఏంజెలస్ నగర పాఠశాలలు, ఒక విద్యార్థిని పాఠశాల ఆవరణలోనే మరణించిన తరువాత, 2022 సెప్టెంబరులో అన్ని బడులలోనూ దానిని ఉంచుతామని ప్రకటించాయి.

వాడవలసిన విధానం ఎవరైనా నేర్చుకోగలరు. పిలిచినా తట్టినా లేవని పిల్లను, పెదవులు నీలిబారి, శ్వాస గురకగా మారినదో నిలిచినదో చూడాలి. అంబులెన్సుకు కబురు చేయాలి. తల వెనక్కి వంచి ఒక ముక్కుపుటంలో మందు చల్లాలి. ఊపిరి అందకపోతే నోటి ద్వారా అందించాలి. రెండు మూడు నిమిషాలలో మార్పు రాకపోతే రెండో మోతాదు ఇవ్వాలి. ఊపిరి వచ్చాక పక్కకు ఒత్తిగిలేటట్టు పడుకోబెట్టి, సహాయం వచ్చేదాకా విడవకూడదు. ఎందుకంటే విరుగుడు ప్రభావం అరగంట నుంచి గంటన్నర లోపల తగ్గిపోతుంది, లోపలి విషం అంతకంటే ఎక్కువసేపు ఉండవచ్చు. ఒంట్లో నల్లమందు జాతి పదార్థం లేనివారికి పొరపాటున ఇచ్చినా దీనివల్ల చెప్పుకోదగిన హాని ఉండదు.

ఈ మందు బడిలో ఉంటే పిల్లలకు భయం పోయి మరింత తెగిస్తారని వాదించినవారు లేకపోలేదు. నీటితొట్టి ఉన్నదని ఇంటికి నిప్పు పెట్టుకునేవారు ఉండరు. అంతకంటే గట్టి సమాధానం మరొకటి ఉన్నది. పది మొదలు పంతొమ్మిదేండ్ల లోపు వారి మరణాలను అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ పరిశీలించి 2022 డిసెంబరులో ప్రకటించిన నివేదిక ప్రకారం, మూడింట రెండు వంతుల మరణాలలో మరొక మనిషి దగ్గరలో ఉన్నాడు. దగ్గర ఉన్నవారిలో ఎక్కువమంది ఏమీ చేయలేదు. పక్కగదిలో ఉన్నవారికి తెలియకపోవచ్చు. నిద్రపోతున్నాడని అనుకొని ఉండవచ్చు. తెలిసినవారు కొందరు భయపడి ఉండవచ్చు. పోలీసులు వస్తారని, తల్లిదండ్రులు కొడతారని, బడి నుంచి తీసివేస్తారని భయపడిన స్నేహితుడు తలుపు మూసి వెళ్లిపోతాడు. ఆ కుర్రవాడు హంతకుడు కాడు. చెబితే శిక్ష తప్పదని అతనికి ఎవరో ముందుగానే నేర్పారు. మందు ఎంత దగ్గరలో ఉన్నా, పరుగెత్తుకొని వచ్చి చెప్పే స్నేహితుడు లేనిదే అది బీరువాలోనే ఉండిపోతుంది.

ఈ కథ సముద్రాల అవతలిదని తెలుగు పాఠకుడు అనుకోవచ్చు. కేంద్ర సామాజిక న్యాయ మంత్రిత్వశాఖ కోసం ఢిల్లీలోని అఖిల భారత వైద్య విజ్ఞాన సంస్థ నిర్వహించి 2019లో ప్రకటించిన సర్వే అందుకు ఒప్పుకోదు. పది మొదలు పదిహేడేండ్ల వయస్సు పిల్లలలో నూటికి 1.8 మంది నల్లమందు జాతి పదార్థాలు వాడుతున్నారని ఆ సర్వే అంచనా. మణిపూర్, నాగాలాండ్, మిజోరం రాష్ట్రాలలో డెక్స్‌ట్రోప్రొపాక్సిఫీన్ కలిసిన గొట్టాలమందు ఒక తరం యువకుల చేతులూ కాళ్లూ పుండ్లు చేసింది. ప్రభుత్వం 2013లో ఆ మందును నిలిపివేసింది. పంజాబులో ట్రమడాల్ బిళ్ల వ్యాపించింది. 2018లో దానిని మాదకద్రవ్యాల చట్టం కిందికి తెచ్చారు. కోడీన్ కలిసిన దగ్గుమందు సీసా సరిహద్దులు దాటి బంగ్లాదేశ్ దాకా దొంగరవాణా అవుతున్నది. దగ్గుమందును దోషం ఎంచి చూసే తల్లి ఏ ఊళ్లో ఉంటుంది? ఇక్కడా పిల్లవాడిని మోసగించినది మందు మీద పెద్దలకున్న నమ్మకమే.

అదే వైద్య సంస్థ ఆధ్వర్యంలో పది నగరాల విద్యార్థులను ప్రశ్నించిన మరొక పరిశీలన 2025లో వెలువడింది. ఆ పది నగరాలలో హైదరాబాదు ఒకటి. సగటున పద్నాలుగు పదిహేనేండ్ల వయస్సు గల 5,920 మంది చెప్పిన సమాధానాలలో, గడిచిన ఏడాది వాడినవాటిలో పొగాకు, మద్యం తరువాతి స్థానం గంజాయిది కాదు. నల్లమందు జాతి మందులది, నూటికి 2.8. వాటిలో అధికభాగం వైద్యుడు రాయని మందుబిళ్లలే. ఏ మత్తు పదార్థమైనా మొదట రుచి చూసిన సగటు వయస్సు పదమూడుకు కొంచెం తక్కువ. ఇన్ని అంకెలలోకీ బరువైనది చివర ఒకటి ఉన్నది: ఎవరైనా అడిగితే తమ అలవాటును దాచిపెడతామని చెప్పినవారు సగం మందికి పైగా.

ఆ పిల్లలను ఏ బడిలో ఎవరు అడుగుతారు? అమెరికాలో కూడా అన్ని బడులకూ నర్సులు లేరు. 2018 ప్రాంతపు లెక్కలో నూటికి ఇరవై అయిదు బడులకు నర్సే లేదు. భారతదేశంలో సాధారణ ప్రభుత్వ పాఠశాలకు నర్సు అనే పోస్టే లేదు. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద ఇద్దరు వైద్యులు, ఒక నర్సు, ఒక మందుల నిపుణుడు కలిసిన సంచార బృందం బడికి ఏడాదికి ఒకసారి వస్తుంది. పళ్లు, కండ్లు, రక్తహీనత, పుట్టుకతో వచ్చిన లోపాలు చూసి పోతుంది. అది అవసరమైన పనే. అయితే ఏడాదికి ఒకసారి వచ్చేవారికి పదకొండో నిమిషం అందదు. 2020లో మొదలైన పాఠశాల ఆరోగ్య కార్యక్రమం ప్రతి బడిలో ఇద్దరు ఉపాధ్యాయులను ఆరోగ్య రాయబారులుగా ఎంచుకొని, మత్తు పదార్థాల నివారణతో సహా పదకొండు విషయాలు బోధించమన్నది. ఆ ఉపాధ్యాయుడే సాయంత్రం మార్కులు వేస్తాడు. క్రమశిక్షణ సంఘంలోనూ కూర్చుంటాడు. పాఠం చెప్పగల మనిషికి పిల్లవాడు తన రహస్యం చెప్పగలడన్న హామీ లేదు.

తెలుగునాట ఒకచోట మాత్రం ఆ గది ఉన్నది. రెండు రాష్ట్రాలలోని కస్తూర్బా గాంధీ బాలికా విద్యాలయాలలో ఏఎన్‌ఎం ఉంటుంది. గురుకుల పాఠశాలలలో, నవోదయ విద్యాలయాలలో స్టాఫ్ నర్సు పోస్టులున్నవి. ఇంటికి దూరంగా ఉన్న పిల్లలకు రాత్రి జ్వరం వస్తే తట్టి లేపేది ఆమెనే. వారు ఆమెను నర్సమ్మ అనో, మేడమ్ అనో, కొన్నిచోట్ల అక్కా అనో పిలుస్తారు. మొదటి ఋతుస్రావం నాడు బెదిరిన పిల్ల ముందు వెళ్లేది ఆ గదికే. ఉత్తరం రాలేదని, ఫోను ఎత్తలేదని, పండుగకు ఇంటికి తీసుకుపోవడానికి ఎవరూ రాలేదని తలనొప్పి తెచ్చుకున్న పిల్ల వెళ్లేదీ ఆ గదికే. ఇంత నమ్మకం పోగుపడి ఉన్న చోటును, రేపు ఏదో ఒక ఉత్తర్వు మేరకు పెట్టెల సోదాకు వాడుకొమ్మని అధికారులకు తోచడం అసంభవం కాదు. తోచినప్పుడు శాఫర్డ్ ఊరిని తలచుకోవాలి.

చట్టం ఈ విషయంలో పాఠశాలల కంటే ఉదారంగానే ఉన్నది. 2015 నాటి బాలల న్యాయచట్టం, మత్తు పదార్థాలకు లోనయ్యే ప్రమాదంలో ఉన్న పిల్లను సంరక్షణ అవసరమైన పిల్లగా పరిగణిస్తుంది. పిల్లకు మత్తుమందు అందించిన పెద్దవానికి ఏడేండ్ల వరకు కఠినశిక్ష విధిస్తుంది. మాదకద్రవ్యాల చట్టంలోని 64ఏ సెక్షను, తానుగా చికిత్సకు ముందుకొచ్చిన అలవాటుపరుని విచారణ నుంచి విడిచిపెట్టడానికి దారి ఉంచింది. నేరం ఎవరిదో, రోగం ఎవరిదో ఈ రెండు చట్టాలూ విడదీసి చూపినవి. పాఠశాల నియమావళి కూడా ఆ గీతను పాటిస్తే నర్సు చేతులు విడుదలవుతాయి. పిల్ల తానుగా వచ్చి చెప్పినదానికి బహిష్కరణ ఉండదని, స్నేహితుని ప్రాణం కాపాడడానికి వచ్చిన పిల్లవాడిని ఆ పూట ఏ ప్రశ్నా అడగరని, సోదా చేయవలసి వస్తే నర్సు గదిలో కాదని, నర్సు చేత కాదని ముందుగా రాసి ఉంచడానికి పెద్ద నిధులేమీ అక్కరలేదు. తల్లిదండ్రులకు తెలపవలసిన మాటను పిల్లకు ముందుగా చెప్పి, వీలైతే ఆమెను పక్కన కూర్చోబెట్టుకొని తెలపడం కూడా నర్సు పనిలో భాగమే. విశ్వాసాన్ని కాపాడడం అంటే అన్నిటినీ దాచిపెట్టడం కాదు. చెప్పిన తరువాత కూడా ఆ పిల్లను విడవకపోవడం.

విరుగుడు మందు కావాలి. తాళం వేసిన బీరువా, తప్పులేని లెక్క కూడా కావాలి. ఇళ్లలో మిగిలిపోయిన బిళ్లలను తిరిగి తీసుకొనే ఏర్పాటు కూడా కావాలి. వీటన్నిటికీ ధర ఉన్నది, ప్రభుత్వాలు తలచుకుంటే కొనగలవు. పిల్ల నోటి మాట మాత్రం ఏ ప్రభుత్వమూ కొనలేదు. ఎవరికి చెబితే మేలు జరుగుతుందో వారికే అది దొరుకుతుంది. అందుకు ఒక కొలత పెట్టుకోవాలంటే 1902లో లీనా రోజర్స్ పెట్టుకున్న కొలతే చాలు. ఆమె ఎన్ని పుండ్లు కనిపెట్టిందన్నది ఈనాడు ఎవరికీ గుర్తులేదు. ఎందరు పిల్లలు తిరిగి తరగతిలో కూర్చున్నారన్నదే చరిత్రలో నిలిచింది.